తాడు పట్టిన చెయ్యి

గురువారం ఉదయం ఏడు గంటలకు తేనెబండ కింద శవం కనిపించింది.

చెంచు బయ్యన్న. నలభై ఏళ్ల లోపే. వెల్లకిలా పడున్నాడు. పక్కన పొడవాటి తాడు, ఓ తేనె డబ్బా. పైన నిట్టనిలువు రాయి. దానికి నల్లగా వేలాడుతున్న తేనెపట్లు.

తేనెకు దిగాడు. తాడు జారింది. పడ్డాడు. చూసినవాళ్లందరూ అదే అనుకున్నారు. నల్లమలలో తేనె కోసం ప్రాణం పోగొట్టుకున్న చెంచు గురించి ఎవరు మాత్రం రెండోసారి ఆలోచిస్తారు?

ఆళ్లగడ్డ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సాల్మన్ రాజు మోకాళ్ల మీద కూర్చుని శవాన్ని చూశాడు. కళ్లు వాచి మూసుకుపోయాయి. చేతుల మీద, మెడ మీద బొబ్బలు. తేనెటీగలు కుట్టాయని హెడ్ కానిస్టేబుల్ అన్నాడు. సాల్మన్ రాజు తలూపాడు. శవ పంచనామా మొదలైంది.

అంతలో బయ్యన్న భార్య సావిత్రమ్మ వచ్చింది. ఆమె వెంట తమ్ముడు ఆంజనేయులు. భార్య కాన్పు కోసం రెండు రోజులుగా నంద్యాలలో ఉన్నాడట. కబురు తెలియగానే దొరికిన బస్సెక్కి వచ్చాడు.

సావిత్రమ్మ ఏడవలేదు. శవం కాళ్ల దగ్గర కూలబడింది. ఆంజనేయులే పోలీసుల మీదికి వచ్చాడు.

"నేను లేకుండా మా బావ కొండ దిగడు సార్. ఎవరో ఏందో చేసినారు."

దుఃఖంలో అందరూ ఇలాగే అంటారు. సాల్మన్ రాజు అతని భుజం తట్టి పక్కకు పంపాడు. సావిత్రమ్మ వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉండటం చూశాడు. కాలిందా అని అడిగాడు. ఆయన చొక్కా ఉతికితే పొక్కినాయి అని చెప్పింది. అప్పుడే ఫోన్ మోగింది. మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కు నంద్యాల పంపారు.

* * *

శుక్రవారం పదకొండు గంటలకు కేసు తనంతట తానే నడుచుకుంటూ స్టేషన్‌కు వచ్చింది.

ముందు సురేష్. కొండలో సర్వే చేస్తున్న కంపెనీకి సూపర్‌వైజర్. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. వెనకాల బయ్యన్న సొంత తమ్ముడు రవి. పాతికేళ్లుంటాయి. తల పైకెత్తడం లేదు.

సురేష్ చాలా బాధపడుతున్నట్టు ముఖం పెట్టి విషయం చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ తమ దగ్గరే కూలి చేస్తారట. బుధవారం పని ఎగ్గొట్టి తేనెకు పోయారట. పైన రవి తాడు పట్టుకున్నాడట, పట్టు జారిందట. భయపడి పారిపోయి తన దగ్గరకొస్తే, నచ్చజెప్పి తీసుకొచ్చాడట. పాపం, ఎంత మంచివాడో!

సాల్మన్ రాజు సురేష్‌ను బయట కూర్చోబెట్టాడు. తలుపు దగ్గరికి వేశాడు.

"తాడు ఎవరు పట్టినారు?"

"నేనే సార్."

"ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎట్లా జారింది?"

"జారింది."

"ఏదీ, చేతులు చూపించు."

రవి చేతులు చాచాడు. సాల్మన్ రాజు వాటిని కిటికీ వెలుగులోకి తిప్పాడు. బరువైన మనిషి వేలాడుతున్న తాడు జారిపోతే అరచేతుల తోలు ఊడొస్తుంది. ఈ అరచేతులకు గీత కూడా లేదు. మణికట్టు దగ్గర మాత్రం రెండు బొబ్బలున్నాయి, నీళ్లు నిండి.

అబద్ధం. అది తేలిపోయింది. కానీ తప్పు చేసినవాడు తప్పించుకోడానికి అబద్ధమాడతాడు. చెయ్యని తప్పు నెత్తినేసుకోడానికి ఎవడైనా ఆడతాడా?

"రవీ, సొంత అన్నను చంపినోడని పేరు పడతాది. తెలుసా?"

రవి మొట్టమొదటిసారి తలెత్తాడు. ఏదో అడగబోయినట్టు చూశాడు. మళ్లీ దించేశాడు.

"నేనే పట్టినాను సార్. రాసుకోండి."

రాసుకోక తప్పలేదు. శనివారం మధ్యాహ్నంలోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ తర్వాత రిమాండ్. రవి జైలుకు పోతాడు, కొండలో ఏం జరిగిందో దాన్నీ తనతో తీసుకుపోతాడు.

మధ్యాహ్నం ఇంకో పెద్దమనిషి దిగాడు. ప్రసన్న కుమార్. ఢిల్లీలో ఒక శాఖ. ఏ శాఖో చెప్పలేదు. కార్డు చూపించి వెంటనే జేబులో పెట్టుకున్నాడు. మాట మాత్రం వెన్నపూస. ఆ కొండలో తమ సర్వే జరుగుతోందని, గుహ వైపు పోలీసులు పోవాల్సిన అవసరం లేదని, నేరస్థుడు దొరికాడు కాబట్టి త్వరగా ముగిస్తే అందరికీ మంచిదని అన్నాడు.

సాల్మన్ రాజు గుహ మాట ఎత్తనే లేదు. అసలక్కడ గుహ ఉందని కూడా అతనికి తెలియదు.

"గుహలో ఏముంది సార్?"

"ఏమీ లేదు."

"మరి పోతే ఏం?"

"అది చెప్పడానికి లేదు."

ఆయన వెళ్లిన పావుగంటకు పైనుంచి ఫోన్ వచ్చింది. కేసు ముగించమని. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో అడగొద్దని కూడా.

సాల్మన్ రాజుకు ఒళ్లు మండింది. కబురు పెట్టి ఆంజనేయుల్ని పిలిపించాడు. నిన్న అన్నావే ఆ మాట, దానర్థం ఏంటని అడిగాడు. ఆంజనేయులు ఇతనికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు.

"మాలో తేనెకు దిగే మొగోని తాడు పెండ్లాం తమ్ముడే పట్టాల సార్. లేదంటే పెండ్లాం అన్న. సొంత తమ్ముడు పట్టకూడదు."

"ఏం?"

"మొగోడు చస్తే వాని తమ్మునికి వదిన మీద ఆశ పుట్టొచ్చు. పెండ్లాం తమ్మునికి ఏ ఆశా ఉండదు. అక్క ముండమోస్తాదని బయమే ఉంటాది. అందుకే ఆ తాడు మాకిస్తారు. మా తాతల కాడి నుంచి ఇంతే."

"రవి పట్టినానని చెప్తాండాడే?"

"వాడు పడతానన్నా మా బావ దిగడు. దిగినాడంటే గూడెంలో పసిపిల్లోడు గూడా నమ్మడు."

సాల్మన్ రాజు జీపెక్కాడు. నంద్యాలకు పోనిమ్మన్నాడు. స్టేషన్ దాటగానే శిల్పాల షెడ్ల వరస. రాయి కోసే మెషిన్ల రొదలో డ్రైవర్ ఏదో అడిగాడు గానీ వినపడలేదు.

* * *

నంద్యాలలో డాక్టరమ్మ ఇంకా రిపోర్టు రాయలేదు. రాయకుండా ఆగమని తనకూ ఫోన్ వచ్చిందని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో భయం లేదు, విసుగుంది.

"తేనెటీగల ముళ్లు ఎన్ని దొరికాయి?"

"ఒక్కటీ లేదు."

"బొబ్బలు?"

"చంకల్లో, తొడల మధ్య, మెడ ముడతల్లో. ఎక్కడ చెమట పడుతుందో అక్కడ. శ్వాసనాళం లోపలంతా కాలిపోయి ఉంది. ఈగలు గొంతులోకి దూరి కాల్చవు కదా."

"ఎముకలు?"

"విరిగాయి. చనిపోయాక విరిగాయి. మనిషి చనిపోయిన చాలాసేపటికి ఎవరో పైనుంచి పడేశారు."

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాస్తారా అని అడిగాడు. ఈ రాత్రికే రాసి, తెల్లారేసరికి పంపుతానంది. అలాంటి మనుషులు ఇంకా ఉన్నారు, లేకపోతే ఈ దేశం ఎప్పుడో మట్టిగొట్టుకుపోయేది.

సాల్మన్ రాజు ఇల్లు నంద్యాలలోనే. ముందు గదిలో గోడ నిండా పుస్తకాలు. అన్నీ యుద్ధాల గురించే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అతను చేసే పని చదవడం ఒక్కటే. భార్య కమలమ్మ వాటిని దుమ్ముమేతలు అంటుంది.

ఆ సాయంత్రం ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ఒక ఫోటో దగ్గర ఆగాడు. మొదటి ప్రపంచ యుద్ధం. కళ్లకు గుడ్డలు కట్టిన సైనికులు, ఒకడి భుజం మీద ఇంకొకడు చెయ్యేసి బారుగా నడుస్తున్నారు. మస్టర్డ్ గ్యాస్. పేరుకే గ్యాస్, నిజానికి జిడ్డు నూనె. వాసన వెల్లుల్లిలా ఉంటుంది. తగలగానే ఏమీ అనిపించదు. కొన్ని గంటలకు కళ్లు వాస్తాయి. చెమట పట్టే చోట పొక్కుతుంది. పీలిస్తే గొంతు, ఊపిరితిత్తులు ఉడికిపోతాయి. బట్టలకు అంటితే, ఆ బట్టలు ముట్టుకున్నవాళ్లకూ అదే గతి. భూమిలో పాతితే ఎన్ని దశాబ్దాలైనా చావదు. రెండో యుద్ధంలో ఇంగ్లీషువాడు దాన్ని మన దేశానికీ తెచ్చి దాచాడు.

చొక్కా ఉతికితే పొక్కినాయి.

సాల్మన్ రాజు పుస్తకం మూసి వెంటనే సావిత్రమ్మ ఉన్న గూడేనికి ఫోన్ కలిపించాడు. ఆ చొక్కాతో బయ్యన్న పని నుంచి వచ్చినప్పుడు ఏ వాసన వచ్చిందని అడిగాడు. సోమవారం సాయంత్రం వచ్చినాడు, ఎల్లుల్లి వాసన అంది. ఇంట్లో ఎల్లుల్లి లేదు, యాడ తిన్నావని అడిగితే, గుహలో పాత పీపాలు తవ్వుతాండాం, ఒకటి కారింది అన్నాడట. మంగళవారం మళ్లీ పనికి పోయినవాడు తిరిగి ఇంటికి రాలేదట. చొక్కాను ఎవరూ ముట్టుకోవద్దని, పిల్లల్ని దూరంగా ఉంచమని సాల్మన్ రాజు చెప్పాడు. కట్టెతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయించి, సీలు వేసి ల్యాబ్‌కు పంపించే ఏర్పాటు చేశాడు.

అప్పుడతనికి నిజంగా కోపం వచ్చింది.

ఆ అరలో ఎన్ని పుస్తకాలు! బెర్లిన్ గురించి తెలుసు. టోక్యో గురించి తెలుసు. ఏ జనరల్ ఏ పూట ఏం తిన్నాడో కూడా తెలుసు. రెండో యుద్ధంలో మన నల్లమల రాళ్ల కింద ఏం పాతారో ఒక్క వాక్యం లేదు. ఎక్కడ చూసినా ఒకటే ముక్క, ఆ వివరాలు వెల్లడి కాలేదని. ఇంగ్లీషువాడు పాతిపెట్టాడు, పోయాడు. సరే, వాడు పరాయివాడు. మనవాళ్లు వచ్చి డెబ్బై ఎనిమిదేళ్లు దాటింది కదా! ఆ యుద్ధం ముగిసింది. ఆ శత్రువు ఇప్పుడు మనకు కార్లు అమ్ముతున్నాడు. ఇంకా ఎవరి నుంచి దాస్తున్నట్టు?

ఎవరి నుంచంటే బయ్యన్న నుంచే. ఆ గుహ పక్కన పడుకునేవాడి నుంచి, ఆ నీళ్లు తాగేవాడి నుంచి. మిగతా అందరికీ చెప్పినా వాళ్లకు నష్టం లేదు. వీడికి చెప్తే మాత్రం వీడు అడుగుతాడు.

* * *

శనివారం ఉదయం తొమ్మిది. ఆళ్లగడ్డ స్టేషన్, ఇన్‌స్పెక్టర్ గది.

బల్లకు ఒకవైపు ప్రసన్న కుమార్, పక్కన సురేష్. కేసు మూసేస్తున్నాను, ఆఖరి మాట మాట్లాడదాం రమ్మంటే ఇద్దరూ సంతోషంగా వచ్చారు. గోడ పక్కన సావిత్రమ్మ, ఆంజనేయులు. లాకప్ నుంచి రవిని తెచ్చి నిలబెట్టారు.

సాల్మన్ రాజు నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ప్రసన్న కుమార్ గారూ, ఆ గుహలో ఏమీ లేదన్నారు."

"అవును."

"విషం లాంటిది?"

"అసలు ఆ ప్రశ్నే లేదు."

"మంచిది." సాల్మన్ రాజు బల్ల కింది నుంచి ఒక పాలిథిన్ సంచి తీశాడు. లోపల మురికి చొక్కా. "ఇది బయ్యన్నది. సోమవారం గుహలో తొడుక్కున్నది. భార్యకు ఇచ్చేయాలి. మీరే మీ చేత్తో ఇవ్వండి, మర్యాదగా ఉంటుంది."

ముడి విప్పి బల్ల మీదుగా ముందుకు తోశాడు. ఘాటైన వెల్లుల్లి వాసన గదంతా కమ్మింది.

ప్రసన్న కుమార్ కుర్చీ వెనక్కి పడింది. ఆయన గోడకు అతుక్కుపోయాడు. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"మూయండి! ముట్టుకోవద్దు! ఫ్యాన్ ఆపండి!"

గదిలో ఇంకెవరూ కదల్లేదు. సావిత్రమ్మ మాత్రం, ఆ పొద్దు ఇదే వాసన సార్ అని మెల్లగా అంది.

సాల్మన్ రాజు సంచిలో చెయ్యి పెట్టి చొక్కా బయటికి తీశాడు. దులిపాడు. రెండు వెల్లుల్లి రెబ్బల పిప్పి బల్ల మీద రాలింది.

"ఇది నా పాత చొక్కా. పొద్దున మా ఆవిడ దంచి పూసింది. బయ్యన్న చొక్కా సీలు వేసి ల్యాబ్‌కు పోయింది. మామూలు మనిషికి వెల్లుల్లి వాసనొస్తే పచ్చడి గుర్తొస్తుంది సార్. మీకు చావు గుర్తొచ్చింది. ఏమీ లేని గుహ గురించి మీకింత భయం ఎందుకు?"

ప్రసన్న కుమార్ చేతిరుమాలు కిందికి దించాడు. జవాబు సురేష్ ఇచ్చాడు. అతను ఆఫీసర్ వైపు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో ఎర్రగా కందిపోయి ఉంది. శవాన్ని మోసిన చేతులవి.

"దురద అంతేలే అన్నారు గదా సార్ మీరు. పాత పెయింటు పీపాలన్నారు గదా. నాకూ చెప్పలేదా?"

ఇక ఆగలేదు. గుహలో యుద్ధకాలపు పీపాలున్నాయి. గుట్టుచప్పుడు కాకుండా తీసేయాలని పైన నిర్ణయించారు. బయటి కూలీలైతే నోరు ఊరుకోదని చెంచులను పెట్టుకున్నారు. మంగళవారం పీపా ఒకటి బయ్యన్న మీదే పగిలింది. రేకుల షెడ్డులో పడుకోబెట్టారు. కళ్లు కనపడటం లేదని అరిచాడు. ఆసుపత్రికి తీసుకుపోదామంటే, ఈయన వద్దన్నాడు. బుధవారం సాయంత్రం ఊపిరాగింది. తాడు, డబ్బా తెచ్చింది తనే. రాయి మీది నుంచి తోయించింది కూడా తనే.

"మాస్కులు లేవా?" సాల్మన్ రాజు అడిగాడు. "చేతులకు తొడుగులు? రబ్బరు బట్టలు?"

"మా షెడ్డులో ఉన్నాయి సార్. కూలోళ్లకు ఇయ్యొద్దన్నారు."

"ఎందుకు?"

సురేష్ ఆఫీసర్ వైపు చెయ్యి చూపించాడు. ప్రసన్న కుమార్ అప్పటికి తేరుకున్నాడు. ఇది దేశభద్రత విషయమని, మాస్కులు కనిపిస్తే జనం ప్రశ్నలు వేస్తారని, గుండెలు బాదుకునేవాళ్లు ఎక్కువైతే పని ఆగిపోతుందని చెప్పాడు. మామూలుగా, వర్షం ఎందుకు పడలేదో చెప్పినట్టు చెప్పాడు.

సాల్మన్ రాజు లేచి నిలబడ్డాడు.

"ప్రశ్న వేస్తారని మాస్కు ఇవ్వలేదు. సిగ్గు లేదా మీకు? ఒక మనిషి ఊపిరి కన్నా ఒక ప్రశ్న బరువైపోయిందా? దేశభద్రత, రహస్యం అంటున్నారే, నిన్న మీరే చెప్పారు అక్కడ ఏమీ లేదని. లేనిదాన్ని నేను ఎవరికి చెప్పినా ఏ చట్టం పట్టుకోదు. ఉందంటారా, చెప్పండి. అదే రాసుకుంటా."

ఆయన ఉందనలేకపోయాడు. లేదనీ అనలేకపోయాడు. ఫోన్ తీశాడు. హెడ్ కానిస్టేబుల్ చెయ్యి చాచి ఆ ఫోన్ తీసుకుని బల్ల మీద పెట్టాడు.

అప్పుడు సాల్మన్ రాజు రవి వైపు తిరిగాడు.

"నిన్ను ఏమని బెదిరించినారు?"

"నోరు తెరిస్తే పద్నాలుగేండ్లు లోపలేస్తామన్నారు సార్. గూడేన్ని కొండ మీంచి దించేస్తామన్నారు. ఎవరో ఒకరు తాడు పట్టినట్టు చెప్పాల అన్నారు."

"ఆంజనేయులు పేరు చెప్పింటే నువ్వు బయటపడుదువు గదా. కాదని చెప్పేదానికి వాడు ఊళ్లో కూడా లేడు."

రవి వదిన వైపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"వాని పేరు చెప్తే, నంద్యాల నుంచి వచ్చి పోయినాడేమోలే అని గూడెమంతా నమ్మేస్తాది సార్. మా అన్న నిజంగానే తేనెకు పోయి పడినాడనుకుంటారు. నా పేరు చెప్తే ఒక్కరు గూడా నమ్మరు. ఇది అబద్ధం, ఇంకేందో జరిగినాదని మావోళ్లకు తెలిసిపోతాది. నేను చెప్పగలిగింది అదొక్కటే సార్."

ఆంజనేయులు వచ్చి రవిని గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. అధికారుల కళ్ల ముందు, వాళ్లు రాయించిన అబద్ధంలోనే, ఒక కుర్రాడు తన గూడేనికి నిజం చెప్పాడు. దాన్ని విననిది పోలీసులు మాత్రమే.

* * *

పైనుంచి ఫోన్లు వచ్చేలోపు సాల్మన్ రాజు అందరినీ కోర్టుకు తీసుకుపోయాడు. విలేకరులను కూడా పిలిచాడు. రవి మేజిస్ట్రేట్ ముందు మొత్తం చెప్పాడు, గది నిండా జనం వింటుండగా. సురేష్ కూడా చెప్పాడు. డాక్టరమ్మ రిపోర్టు చేరింది. రవిని వదిలేశారు.

ప్రసన్న కుమార్ సాయంత్రానికల్లా బయటికొచ్చాడు. ఢిల్లీ నుంచి వకీళ్లు దిగారు. గుహ చుట్టూ కంచె వేశారు, ప్రవేశం నిషిద్ధం అని బోర్డు పెట్టారు. ఎందుకు నిషిద్ధమో బోర్డు మీద లేదు. సాల్మన్ రాజుకు ప్యాపిలికి బదిలీ ఉత్తర్వు సోమవారమే వచ్చేసింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కేసు మాత్రం మూయడం ఇక ఎవరి వల్లా కాదు.

బయల్దేరే ముందు గూడేనికి పోయాడు. సావిత్రమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. వేళ్లకు ఆసుపత్రివాళ్లు కట్టిన తెల్లటి కట్లు. అతనికి నీళ్లు ఇవ్వడానికి లేవబోతే వద్దని కింద కూర్చున్నాడు.

ఆమెకు అన్నీ చెప్పాలనుకున్నాడు. చెప్పాడు. ఎనభై ఏళ్ల కిందట పెద్ద యుద్ధం జరిగిందని, ఒకవైపు ఇంగ్లీషోళ్లు, ఇంకోవైపు జపానోళ్లు, జర్మనీవాళ్లు అని, ఆ విషం అప్పటిదని. సావిత్రమ్మ అంతా విన్నది. కట్లు కట్టిన వేళ్ల వైపు చూసుకుంది.

"ఆ యుద్ధంలో మా ఆయన ఏ పక్క సార్?" అని అడిగింది.